కానుగ కింది చప్టా

అడిగినదానికి జవాబు చెప్పడం గవరమ్మగారికి అలవాటు లేదు. పని చెప్పడం అలవాటు. మోక్షం సంగతి అడగబోయి బావిలో పూడిక తీసి వెళ్ళినవాళ్ళున్నారు.

అది తెలిసీ వరహాలు ఒకనాడు గవరమ్మగారి ఆశ్రమం పెరట్లో ఆవిడ ఎదుట చతికిలబడింది. "అమ్మా, పురిట్లో బిడ్డ పోయిన దగ్గర్నుంచి నా కూతురు గోడవైపు తిరిగి పడుకునే ఉంది. పక్కనుంచి కదలకుండా ముద్దలు కలిపి నోట్లో పెడుతున్నాను. తాయెత్తు కట్టించాను. ధైర్యం చెప్పమని వీధంతటినీ పిలుచుకొచ్చాను. అయినా చిక్కిపోతోంది. ఇంకేం చెయ్యను?"

గవరమ్మగారు తలెత్తి పెరటి కానుగను చూశారు. ఆ చూపు వరహాలుకు ముల్లులా దిగింది. అందరికీ నీడనిచ్చిన ఆ చెట్టుకు ఇప్పుడు పైకొమ్మలు ఎండి, ఉన్న ఆకు పసుపెక్కింది. శిష్యుల కాళ్ళకు బురద అంటకూడదని మాను మొదలు దాకా సిమెంటు చప్టా పోయించింది వరహాలే. భక్తికి సిమెంటు దొరికితే ఇంక అడ్డేముంది! ఒక మూల పాలరాయి మీద పేరు కూడా చెక్కించుకుంది. చెట్టు వాడుతుంటే బిందెలకొద్దీ నీళ్ళు కుమ్మరించింది, తెలగపిండి వేసింది, మానుకు చీర చుట్టింది. చప్టా జోలికి మాత్రం పోలేదు.

"గడ్డపార అక్కడుంది. పగలగొట్టు."

"నా చేతుల్తోనా అమ్మా?"

"పోయించింది ఎవరి చేతులు?"

పగలగొట్టింది. తన పేరున్న రాయి దగ్గర గడ్డపార ఆగింది. వరహాలు మొహం పక్కకు తిప్పుకుని ఒక్క పోటు పొడిచింది.

కింద మట్టి ఇటుకలా బిగుసుకుపోయి ఉంది. పోసిన నీళ్ళన్నీ సిమెంటు మీదుగా కాలవలోకి పోయాయే తప్ప ఒక్క చుక్కా దిగలేదు. వరహాలు వేరు తెగకుండా పైపైన మట్టి కదిపి, మానుకు ఎడంగా ఎండుటాకులు పరిచింది. తెలగపిండి గంప అందుకోబోయింది.

"ఊపిరాడనిదానికి విందా?" అన్నారు గవరమ్మగారు. "నీళ్ళు పొయ్యి. అక్కడ కాదు, నీడ అంచున. నెమ్మదిగా."

"మొదలు దగ్గర పోస్తేనే కదమ్మా తాగేది?"

"దాని నోరెక్కడుందో నీకేం తెలుసు?"

నీడ అంచున నీళ్ళు పోశాక వరహాలు ఇంటికి పోయి, ఓదార్చడానికి వచ్చిన ఆడవాళ్ళతో "చాలమ్మా, ఇక మీ ఇళ్ళకు పొండి" అంది. అన్నం కంచం మూతపెట్టి కూతురి దగ్గరుంచి, తను వసారాలో చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుంది. లోపలికి పోకుండా కూర్చోవడమే ప్రాణం మీదికొచ్చింది. ఎన్నాళ్ళకో ఒక మధ్యాహ్నం ఆ పిల్లే లేచి వచ్చి, పక్కన కూర్చుని, రెండు పిక్కలు తీసి, భోరుమంది. వరహాలు దగ్గరికి తీసుకోబోయి ఆగింది. చేట మాత్రం కాస్త అటు జరిపింది.

తొలకరి తర్వాత కానుగ లేతాకు తొడిగింది. వరహాలు పరుగున వచ్చి మానును కావలించుకుంది.

"పిల్ల తింటోందమ్మా! తన చేత్తో తనే తింటోంది. ఇప్పుడైనా పక్కన కూర్చుని నేను తినిపించుకోనా?"

గవరమ్మగారు ఆమె పాదాల వంక చూశారు.

"ముందు కాస్త వెనక్కి జరుగు, వరహాలూ. వేరు మీద నిలబడ్డావు."