దాలినాయుడి నెత్తుట్లో మీగడ

దాలినాయుడి ఇంట్లో ఉండేది నలుగురే గాని, తెలివి మాత్రం నలభైమందికి సరిపోయేంత ఉందని వాళ్ళ నమ్మకం. ఇలాంటి నమ్మకం చాలామందికి ఉంటుంది. వీళ్ళకి రుజువు కూడా ఉంది: ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేస్తారు. ఒకసారి రేషను కొట్టాయన "కాస్త పక్కకి జరగండి" అన్నాడు. నలుగురూ జరిగారు. మళ్ళీ రమ్మని ఆయన అనలేదు గనక కొట్టు మూసేదాకా ఆ పక్కనే నిలబడి, ఖాళీ సంచులతో ఇంటికొచ్చారు. "మాట అర్థం చేసుకోవడమంటే అదీ," అంటుంది ఇంటి కోడలు చిన్నమ్మడు ఇప్పటికీ.

వాళ్ళది జంతికల కొట్టు. అత్త సూరమ్మ పిండి కలుపుతుంది. మరిది జోగినాయుడు మంట చూస్తాడు, మంట తనని చూస్తున్నా లేవడు. చిన్నమ్మడు అమ్ముతుంది. గొట్టం తిప్పేది మాత్రం దాలినాయుడే. రోజుకి పదిహేను కిలోల పిండి ఆ ఒక్క చేతి మీదుగా మూకుట్లోకి దిగాలి. విరిగినవీ మాడినవీ ఇంట్లో వాళ్ళే తింటారు. ఎక్కువగా విరిగేవి దాలినాయుడి చేతిలోనే.

అలాంటివాడు ఒకరోజు నాలుగు చుట్లు తిప్పి, గొట్టం దించి, పిండిబస్తా మీద కూలబడ్డాడు.

"ఊపిరి అందట్లేదే," అన్నాడు.

చిన్నమ్మడు అమ్మకం వదిలేసి పరిగెత్తుకొచ్చింది. నలభై ఆరేళ్ళ మనిషి. ఇతనికేమైనా అయితే గొట్టం ఎవరు తిప్పుతారన్నది కాదు ఆమె బెంగ. పొద్దున లేచి ఎవర్ని తిట్టాలి అన్నది. ఇరవై రెండేళ్ళ అలవాటు మరి.

అంతే, నలుగురూ టౌనుకి బయల్దేరారు. డాక్టరుగారు మంచివాడు. పామరులకి కూడా అర్థమయ్యేలా చెప్పాలన్న దురలవాటు ఒకటుంది ఆయనకి. నెత్తురు పరీక్ష చేయించి, కాగితం చూసి, కుర్చీ దగ్గరకి లాక్కున్నాడు.

"చూడమ్మా, గుండె పొయ్యి లాంటిది. అది కొవ్వునీ కాలుస్తుంది, చక్కెరనీ కాలుస్తుంది. ఎప్పుడు ఏది దొరికితే దానికి మారిపోతుంది. మీ ఆయన నెత్తుట్లో కొవ్వు మరీ ఎక్కువైంది. అందుకని గుండె ఆ కొవ్వునే పట్టుకు కూర్చుంది, చక్కెర జోలికి పోవట్లేదు. కొవ్వు కాలడానికి గాలి ఎక్కువ కావాలి. అంటే ఎక్కువ తిని తక్కువ పనిచేస్తోందన్నమాట. కాలగా మిగిలింది గుండె కండలోనే పేరుకుంటుంది. దాంతో అది ఇంకా అలిసిపోతుంది."

"అచ్చం మా మరిదిలాగే," అంది చిన్నమ్మడు.

"నన్నెందుకు మధ్యలోకి లాగుతావు వదినా?"

"గుండెని అర్థం చేసుకుంటున్నాను, నువ్వు ఊరుకో."

డాక్టరుగారు నూనె వంటలు మానమన్నాడు, మనిషిని కదలమన్నాడు, మాత్రలు రాశాడు. "ఇది కొవ్వుని తగ్గిస్తుంది. రోజుకొకటి. నలభై రోజులాగి రండి. అశ్రద్ధ చేస్తే మాత్రం మనిషి దక్కడు. అర్థమైందా?"

"అక్షరం పొల్లుపోకుండా," అంది చిన్నమ్మడు.

ఇంకేముంది, ఇంటికి రాగానే పని మొదలైంది. పొయ్యికి గాలి చాలట్లేదన్నారు కదా. జోగినాయుడు కమ్మరి కొలిమి నుంచి తోలుతిత్తి అడిగి తెచ్చాడు. దాలినాయుణ్ణి అరుగు మీద పడుకోబెట్టి, గుండెకి గురిపెట్టి, రెండు పూటలు ఊదాడు. తిత్తిలో ఉన్న బూడిదంతా దాలినాయుడి ముక్కులోకి పోయింది. దగ్గితే నల్లగా బయటికొచ్చింది.

"పొగ వస్తోందే," అంది సూరమ్మ సంతోషంగా. "రాజుకున్నట్టుంది."

తర్వాత చక్కెర సంగతి. గుండె చక్కెర జోలికి పోకపోతే, చక్కెరనే గుండె జోలికి పంపాలి. ఇందులో ఆలోచించేదేముంది? అరకిలో పంచదార గుడ్డలో మూటకట్టి రొమ్ము మీద బిగించింది చిన్నమ్మడు. గుండె దాన్ని ముట్టుకుందో లేదో గాని చీమలు ముట్టుకున్నాయి. దాలినాయుడు వాకిలంతా గెంతాడు.

"మనిషి కదలాలన్నారుగా, అదీ అయిపోయింది," అంది ఆమె.

మాత్రల దగ్గర మాత్రం అందరూ కూర్చుని బాగా ఆలోచించారు. మాత్ర కొవ్వుని తగ్గిస్తుంది. కొవ్వు ఎక్కణ్ణుంచి వస్తోంది? నూనె నుంచి. నూనె ఎక్కడుంది? మూకుట్లో. మనిషి లోపలికి వెళ్ళాక వెతుక్కోవడం కంటే మూకుట్లోనే పని ముగించెయ్యడం మేలు కదా? అంతే, రోజుకొక మాత్ర మరిగే నూనెలో పడేశారు. సాయంత్రానికి చూస్తే నూనె మూడొంతులు తగ్గింది.

"ఎంత గట్టి మందో చూడు," అన్నాడు దాలినాయుడు, ఆ మూకుట్లో వేగిన జంతికలు నిశ్చింతగా నములుతూ.

అయినా ఆయాసం తగ్గలేదు. పది గజాలు నడిస్తే గోడ పట్టుకుంటున్నాడు. చిన్నమ్మడు తిట్టడం కూడా మానేసి రెండు రోజులు ఆలోచించింది. కాలగా మిగిలింది కండలో పేరుకుందన్నారు. జంతికకి మిగిలిన నూనె ఎలా తీస్తాం? పాత పేపరు మీద వేస్తాం. ఇంకేముంది, ఐదు కిలోల పాత పేపర్లు తెచ్చి మొగుణ్ణి మెడ నుంచి మోకాళ్ళ దాకా చుట్టి, ఎర్రటి ఎండలో గోడకి వాలుగా ఆనించారు. మధ్యాహ్నానికి పేపర్లు తడిసి ముద్దయ్యాయి.

"చూశారా ఎంత దిగిందో," అంది చిన్నమ్మడు. విప్పి చూస్తే వీపు మీద ధాన్యం ధరలు అచ్చుపడ్డాయి. ఎదురింటాయన కళ్ళజోడు తెచ్చుకుని చదివి, "ఇవి పోయిన నెలవి," అని వెళ్ళిపోయాడు.

నలభై రోజులయ్యాయి. దాలినాయుణ్ణి ఆటోలో వేసుకుని వెళ్ళారు. నెత్తురు తీసిన కుర్రాయన గాజు గొట్టాన్ని కాసేపు నిలబెట్టి, వెలుతురుకి ఎత్తి చూపించాడు. అడుగున ఎర్రగా, పైన పాలలా తెల్లగా తేలి ఉంది.

"కొవ్వమ్మా. మీగడ కట్టినట్టు లేదూ?" అన్నాడు.

డాక్టరుగారు విషయమంతా విన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మాత్ర మింగాల్సింది మనిషి. మూకుడు కాదు," అన్నాడు. అక్కడే ఒకటి మింగించాడు, రోజూ అలాగే మింగాలన్నాడు. "ఇంక ఆటలొద్దమ్మా. గుండె ఇప్పటికే సగం బలంతో లాగుతోంది," అన్నాడు.

చిన్నమ్మడు దారి పొడుగునా మొగుడికి కొంగుతో విసురుతూ కూర్చుంది. ఇల్లు చేరాక కళ్ళు తుడుచుకుని అంది, "మాత్ర సంగతి సరే. మీగడ కట్టిందని ఆ కుర్రాయనే చెప్పాడు. మీగడ కడితే ఇంటి ఆడది ఏం చేస్తుంది అత్తా?"

"చిలుకుతుంది," అంది సూరమ్మ.

అంతే. దాలినాయుణ్ణి వాకిట్లో నిలబెట్టి నడుముకి తాడు రెండు చుట్లు వేశారు. ఒక కొస చిన్నమ్మడు, ఒక కొస జోగినాయుడు. ఈమె లాగితే ఇటు తిరుగుతాడు, అతను లాగితే అటు తిరుగుతాడు. సూరమ్మ గిన్నె పట్టుకుని చుట్టూ తిరిగేది, వెన్న ఎటునుంచి వస్తుందో డాక్టరు చెప్పలేదు గనక.

"మెల్లిగా లాగవే, తల తిరుగుతోంది," అనేవాడు దాలినాయుడు.

"తలతో పాటు తక్కింది కూడా తిరగాలయ్యా. కవ్వం ఎక్కడైనా మాట్లాడుతుందా?"

మొదట్లో పది తిప్పులకే కూలబడేవాడు. రోజుకి రెండు తిప్పులు పెంచారు. పొద్దున గంట, సాయంత్రం గంట. నలుగురూ చిలకడంలో ఉంటే పొయ్యి వెలిగించేదెవరు? కొట్టు మూతపడింది. మూకుడు బోర్లించారు. తినడానికి అంబలీ ఉల్లిపాయా, రాత్రికి మాత్ర. రెండు నెలలు అలా గడిచేసరికి దాలినాయుడు గంట తిరిగినా ఊపిరి నిమ్మళంగా ఉంది. ఒకరోజు తాడు విప్పుకుని, నడిచి టౌనుకి పోయాడు. వెనక ముగ్గురూ ఆయాసపడుతూ పోయారు.

ఈసారి గొట్టంలో పైన తేరినది లేత నిమ్మరసంలా తేటగా ఉంది. డాక్టరుగారి మొహం వెలిగింది.

"మాత్ర వేసుకున్నారు, నూనె మానేశారు, ఒళ్ళు వంచారు. గుండె మళ్ళీ దారిలో పడింది. ఇలాగే ఉండండి."

చిన్నమ్మడు జాలిగా తల ఊపింది. చిలకడం తెలియని మనిషి, ఏం చెప్తాం? మొగుడు దక్కాడు, అది చాలు. బయటికొచ్చి అతన్ని మూడు నెలల బాకీ కలిపి తృప్తిగా తిట్టింది. కానీ బస్సెక్కాక ఒక ఆలోచన పట్టుకుంది. మీగడ ఉండేది. ఇప్పుడు లేదు. వెన్న మాత్రం గిన్నెలో పడలేదు. మరి మధ్యలో ఏమైనట్టు?

గిన్నె ఎవరి చేతిలో ఉండేది?

మర్నాడు పొద్దున్నే సూరమ్మని పరగడుపున టౌనుకి తీసుకెళ్ళి నెత్తురు తీసే కుర్రాయన ముందు కూర్చోబెట్టింది. మధ్యాహ్నానికి కాగితం వచ్చింది.

"ఈవిడక్కూడా కొవ్వు బాగానే ఉందమ్మా," అన్నాడు కుర్రాయన.

చిన్నమ్మడు అత్త వైపు తిరిగింది. "అడిగితే పెట్టనా అత్తా?"

"ఒట్టే, నేను వేలు కూడా ముంచలేదే," అంది సూరమ్మ. కాసేపు ఆలోచించి, "ఒకసారి ఆవులించాను. అప్పుడు పడిందేమో," అంది.

"పోనీలే, బయటికి పోలేదు. ఇంట్లోనే ఉంది." చిన్నమ్మడు కొంగులోంచి గిన్నె తీసి బల్ల మీద పెట్టి, కాగితం కుర్రాయన ముందుకి జరిపింది. "బాబూ, ఇందులో మా ఆయనది ఎంత, ఈవిడ సొంతం ఎంత, విడదీసి రాసియ్యి. మాది మాకు తీసిచ్చెయ్యి, పట్టుకుపోతాం. ఆవిడది ఆవిడకే ఉంచు, పెద్దావిడ."