తూర్పు కొమ్మ, తడిమట్టి

అనగనగా ఒక అడవిలో, పిల్లలూ, ఒక గిజిగాళ్ల గుంపు ఇల్లు మారింది. ఇల్లు మారడమంటే మనలాగా గిన్నెలూ మంచాలూ బండికెత్తడం కాదు. మోసుకుపోవడానికి పిట్ట దగ్గర ఏముంటుంది? ముక్కులో పనితనం, బుర్రలో పెద్దలు చెప్పిన మాటలు. అంతే.

వాళ్లేమీ సరదాపడి మారలేదు. అడవి అంచున ఒక వాగు, వాగు గట్టున ఈతచెట్లు ఉండేవి. తాతముత్తాతల నాటి నుంచీ గిజిగాళ్లు ఆ ఈతచెట్లకే గూళ్లు వేలాడదీసేవారు. ఒక ఏడు మనుషులు వాగునీళ్లను పొలాలకు మళ్లించుకున్నారు. మరో ఏడు ఈతచెట్లు కొట్టేశారు. మూడో ఏడు వచ్చేసరికి అక్కడ వాగూ లేదు, చెట్టూ లేదు. ముప్పై పిట్టలు కొండ దాటి, అవతల ఒక మడుగు పక్కన తాటిచెట్లు చూసుకుని వాలాయి.

ఆ గుంపులో పైడి అని ఒక గిజిగాడు. వాడి తల పసుపు పూసినట్టుంటుంది. పనిలో పడితే తిండి గుర్తుండదు. వాడి ఆలి పేరు నూకాలు. గిజిగాళ్లలో గూడు అల్లేది మగపిట్ట, లోపల కూర్చుని గుడ్లు పొదిగేది ఆడపిట్ట. అల్లినవాడు లోపల కూర్చోడు. కూర్చునే ఆమె అల్లదు. ఎప్పటి నుంచో అంతే.

గుంపుకు పెద్ద గవరయ్య తాత. గూళ్లు కట్టే రోజులు రాగానే కుర్ర మగపిట్టలను వరసగా కూర్చోబెట్టి అల్లిక నేర్పేది ఆయనే. ఆకును సన్నగా ఎలా చీల్చాలో, మొదటి ముడి ఎలా బిగించాలో చూపించేవాడు. చివర రెండు కట్టుబాట్లు చెప్పేవాడు. గూడు చెట్టుకు తూర్పువైపే వేలాడాలి. గూడు సగమయ్యాక లోపలి గోడకు తడిమట్టి మెత్తాలి. పైడి కుర్రవాడుగా ఉన్నప్పుడు, ఎందుకు తాతా అని అడిగాడు. గవరయ్య తాత చాలాసేపు ఆలోచించి, మా తాత నాకు చెప్పలేదురా అన్నాడు. ఆయన అబద్ధమాడే రకం కాదు. నిజంగానే ఆయనకు తెలియదు.

కొత్తచోట కూడా అందరూ ఆ పద్ధతిలోనే కట్టారు. పైడి ఒక తాటాకు కొసన, తూర్పువైపు, ముచ్చటైన గూడు అల్లాడు. లోపల మట్టి మెత్తాడు. నూకాలు మూడు గుడ్లు పెట్టింది.

ఆ మడుగుకు తూర్పున రెండు కొండల మధ్య ఒక సందు ఉంది. ఆ ఏడు మొదటి వాన ఆ సందులోంచే వచ్చింది. ఈదురుగాలి ఎదురుగా వచ్చి గూళ్లను మొట్టికాయలు వేసినట్టు కొట్టింది. ఆకులు విరిగాయి, కట్లు తెగాయి, గూళ్లు ఒక్కొక్కటే మడుగులో పడ్డాయి. పైడి కట్టిన గూడూ పడింది. నూకాలు ఎగిరి బయటపడింది. గుడ్లు ఎగరలేవు కదా.

నూకాలు ఆ రోజంతా నీళ్ల మీదే తిరిగింది. పైడికి ఆమె మొహం చూడాలంటే సిగ్గేసింది. కూలింది తన చేతి పని మరి. వానాకాలంలో ఇంకొక్కసారి గూడు కట్టి గుడ్లు పెట్టేంత వ్యవధి మాత్రమే మిగిలింది. అది కూడా పోతే ఆ ఏడు గుంపులో ఒక్క పిల్ల కూడా ఉండదు.

మర్నాడు గుంపు కూర్చుని మాట్లాడుకుంది. గవరయ్య తాత తప్పంతా మట్టిదేనన్నాడు. పాత వాగు మట్టి అయితే గూడు పట్టు విడిచేది కాదనీ, ఇక్కడి మట్టికి మన సంగతి ఏం తెలుసనీ ఆయన వాదన. సగం గుంపు ఆయన మాట పట్టుకుని కొండ దాటి వెళ్లి, ఎండిన వాగు అడుగున తవ్వి, ముక్కున మట్టి తేవడం మొదలుపెట్టింది. బయలుదేరినప్పుడు తడిగా ఉన్న మట్టి ఇక్కడికి చేరేసరికి పెంకులా ఎండిపోయేది. మడుగులో ముంచి మళ్లీ తడిపేవారు. అలా పదిసార్లు, ఇరవైసార్లు. చూస్తే నవ్వొచ్చేది, జాలీ వేసేది.

మిగతా సగం బంగారి వెనకాల చేరింది. బంగారి కుర్రగిజిగాడు, వరసకు పైడికి బావమరిది. వాడికి రెండు కట్టుబాట్ల మీదా రోత పుట్టింది. తూర్పూ వద్దు, మట్టీ వద్దు, పాత ఊరితోపాటే పాత చాదస్తం పోయిందనుకుందాం అన్నాడు. పడమటి వైపు రెండు రోజుల్లో గూడు లేపేశాడు. గూడు చూడ్డానికి బాగుంది, దూదిపింజలా తేలికగా ఉంది.

పైడికి ఎటు పోవాలో తోచలేదు. తూర్పు ఆకు మీద వాలితే మొన్నటి గుడ్లు గుర్తొచ్చాయి. పడమటి ఆకు మీద వాలితే తాత గుర్తొచ్చాడు. ముడి వేయబోయి ముక్కు వెనక్కి తీసుకున్నాడు. అలా మూడు రోజులు పోయాయి.

నాలుగో రోజు వాడు పక్క చెట్టు తొర్రలో ఉండే గోరింక దగ్గరికి వెళ్లాడు. ఆ గోరింక ఆ మడుగు దగ్గరే పుట్టి పెరిగింది. దాని తొర్ర పడమటి వైపుంది. ఎందుకటు అని అడిగితే గోరింక వింతగా చూసింది. ఇక్కడ వాన ఎప్పుడూ ఆ కొండసందులోంచే వస్తుందనీ, అటు మొహం పెట్టుకుని ఎవరైనా కాపురం ఉంటారా అనీ అడిగింది. పైడి తిరిగొస్తూ ఆలోచించాడు. పాత వాగు దగ్గర వాన పడమటి నుంచి వచ్చేది. తూర్పువైపు కడితే చెట్టే అడ్డం నిలిచేది. అంటే తాతలు వెతికింది తూర్పును కాదు, చెట్టు చాటును.

మరి మట్టి సంగతి? గోరింకకు తెలియదు. గడ్డిలో ఉండే జీనువాయి పిట్టను అడిగితే, ఇంట్లో బురద పూసుకోవడమేమిటని నవ్వింది. ఆ చుట్టుపక్కల వేలాడే గూడు అల్లేవాళ్లే లేరు, వాళ్లకెలా తెలుస్తుంది? పైడి ఉసూరుమంటూ వచ్చి నూకాలు పక్కన వాలాడు. ఎంతమందిని అడిగినా మట్టి ఎందుకో చెప్పేవాళ్లు లేరని గొణిగాడు.

"నన్నడిగావా?" అంది నూకాలు.

పైడి ఆమె వైపు తిరిగాడు.

"మట్టి మెత్తిన గూడు బరువుగా ఉంటుంది. గాలికి మెల్లగా ఊగుతుంది. లేకపోతే తలకిందులైపోతుంది. మా అమ్మ ఒక ఏడు మట్టి లేని గూట్లో పొదిగింది. గూడు తిరగబడి గుడ్లు లోపలికి వచ్చే గొట్టంలోంచి జారిపోయాయి. ఆడపిట్టలందరికీ ఈ సంగతి తెలుసు."

"తెలిస్తే ఒక్కరూ చెప్పలేదేం?"

"తాత పాఠం చెప్పేటప్పుడు మమ్మల్ని ఎప్పుడైనా పిలిచారా? మీరు కట్టి పక్కకు తప్పుకుంటారు. గాలొచ్చినప్పుడు లోపల ఉండేది మేమే."

పైడి వెంటనే వెళ్లి పడమటి వైపు, చెట్టు చాటున, ఒక ఆకు కొసకు మొదటి ముడి వేశాడు.

గూడు సగమైంది. మడుగు గట్టు నుంచి తడిమట్టి తెచ్చి మెత్తుతుంటే బంగారి వచ్చి చూశాడు. బావకు బురద మీద మమకారం పోలేదని అందరికీ చెప్పి నవ్వించాడు. ఆ నవ్వులు విని గవరయ్య తాత వచ్చాడు. ఆయన నవ్వలేదు.

"ఒరే పైడీ, తూర్పు విడిచినవాడు మనవాడు కాదు. బంగారిగాడు వెధవ, వాడి సంగతి వేరు. నువ్వు నా దగ్గర పని నేర్చుకున్నవాడివి. ఈ గూడు పూర్తి చేశావంటే మా చెట్టు మీద నీకు చోటు లేదు."

పైడికి భయం వేసింది. గుంపులో ఉంటే పామొచ్చినా కాకొచ్చినా ఎవరో ఒకరు అరుస్తారు. ఒంటరి గూటికి కాపలా ఎవరు? వాడు నూకాలు వైపు చూశాడు. ఆమె మడుగు వైపు చూస్తోంది.

"తాతా, నువ్వు నేర్పిన ముడే వేశాను. నువ్వు చెప్పినట్టే మట్టి మెత్తాను. ఇక్కడ వాన వచ్చే దిక్కు మారింది, అందుకే గూటి దిక్కు మార్చాను. నన్ను పొమ్మంటే పోతాను. ఈసారి పెట్టే గుడ్లను కూడా నీళ్లలో కలపలేను" అన్నాడు.

గవరయ్య తాత ముఖం తిప్పుకుని వెళ్లిపోయాడు. పైడి ఆ గూడు వదిలేసి, మడుగు అవతలి గట్టున ఉన్న ఒంటి తాటిచెట్టు మీదికి మారాడు. మళ్లీ మొదటి ముడి నుంచి, పడమటి వైపే, తడిమట్టితోనే కట్టాడు. నూకాలు లోపలికి వెళ్లి, అటూ ఇటూ కదిలి, ఫరవాలేదంది. ఆమె అంత మాట అనడమే గొప్ప. నాలుగు రోజులకు మళ్లీ మూడు గుడ్లు పెట్టింది.

పది రోజుల తరవాత పెద్ద గాలివాన వచ్చింది. కొండసందులోంచి మధ్యాహ్నం మొదలై పొద్దుగూకే దాకా కొట్టింది.

తూర్పువైపు గూళ్లు ముందు పడిపోయాయి. కొండ దాటి తెచ్చిన మట్టి గూళ్లతో సహా మడుగులో కరిగింది. పడమటి వైపు బంగారివాళ్ల గూళ్లు తెగలేదు. కానీ తేలిక గూళ్లు కదా, చెట్టు చాటున సుడి తిరిగిన గాలికి ఒకటొకటే పల్టీలు కొట్టాయి. గుడ్లు గొట్టాల్లోంచి కిందికి జారాయి. వాన వెలిశాక బంగారి తన గూటి గొట్టం దగ్గర కూర్చుని ఏడ్చాడు.

ఒంటి తాటిచెట్టు మీద పైడి కట్టిన గూడు మెల్లగా ఊగుతూ ఉంది. నూకాలు లోపలే ఉంది. గుడ్లు మూడూ ఉన్నాయి.

మళ్లీ కట్టడానికి ఎవరికీ వ్యవధి లేదు. ఆ ఏడు మొత్తం గుంపుకు పుట్టింది ఆ మూడు పిల్లలే. కళ్లు తెరవని ఆ పిల్లల కోసం మొదట పురుగు పట్టుకొచ్చింది ఎవరనుకున్నారు? గవరయ్య తాత. గూటి గొట్టం దగ్గర వాలి, పురుగును నూకాలు నోటికి అందించి, వెళ్లిపోయాడు. తరవాత బంగారి మిడతను తెచ్చాడు. తరవాత అందరూ తెచ్చారు. గుంపు మొత్తం ఒంటి తాటిచెట్టుకే వచ్చి చేరింది. పైడి పక్కకు జరిగి చోటిచ్చాడు.

మరుసటి ఏడు అల్లిక పాఠాల రోజులొచ్చాయి. కుర్రపిట్టలు వరసగా కూర్చున్నాయి. గవరయ్య తాత ఆకు చీల్చడం చూపించాడు, ముడి చూపించాడు. అక్కడితో ఆగి, నూకాలునూ తక్కిన ఆడపిట్టలనూ ముందుకు పిలిచాడు. తను వెళ్లి వరస చివర పసిపిట్టల పక్కన కూర్చున్నాడు.

నూకాలు వాన సంగతి చెప్పింది, బరువు సంగతి చెప్పింది. పాఠమయ్యాక గవరయ్య తాత మెల్లగా అడిగాడు.

"అమ్మా నూకాలూ, గొట్టం కిందికి పొడుగ్గా వేలాడాలని కూడా నేర్పుతుంటాను. అదెందుకమ్మా?"

"పాము లోపలికి దూరకుండా తాతా. పట్టు దొరక్క జారిపోతుంది. లోపల కూర్చుని చూశాను."

ఆయన తల దించుకున్నాడు. పసుపు రంగు ఎప్పుడో వెలిసిపోయిన తల అది.

"ఇన్నేళ్లూ పిల్లలకు సగం పాఠమే చెప్పానురా పైడీ" అన్నాడు.

పైడి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. మిగతా సగం ఇద్దరూ కలిసి విన్నారు.

నీతి: పెద్దల పద్ధతిని గుడ్డిగా పట్టుకోవడమూ సులువే, విసిరిపారేయడమూ సులువే, అది ఎందుకు పుట్టిందో అనుభవించినవాళ్లను అడిగి తెలుసుకున్నప్పుడే కొత్తచోట కూడా అది మనల్ని కాపాడుతుంది.