ఎదురొచ్చిన బిందె

ప్రశ్న అడిగినవాళ్ళకి పని చెప్పడం కాలవగట్టు అయ్యగారి అలవాటు. కోపం ఎలా పోతుందని అడిగిన పెద్దమనిషి చేత వారం రోజులు ఆశ్రమం చింతపండంతా గింజ తీయించారు. కోపం పోయిందో లేదో శివుడికే తెలియాలి. ఆ పెద్దమనిషి మాత్రం మళ్ళీ ప్రశ్న అడగలేదు. అందుకే ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళు ప్రశ్నని నోట్లోనే దాచుకుని, ఒక నమస్కారం పెట్టి, ప్రసాదం కళ్ళకద్దుకుని వచ్చేస్తారు. హైమావతమ్మకీ ఆ సంగతి తెలుసు. తెలిసీ ఆ సాయంత్రం ఆపుకోలేకపోయింది.

"అయ్యగారూ, మా పిల్లది ఇంటర్ రెండో సంవత్సరం. తల్లిగా నేను చెయ్యవలసిందేమిటి?"

మీలో ఇంటర్ పిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఎందరు? చేతులెత్తక్కర్లేదు లెండి, కళ్ళ కింద నలుపే చెబుతోంది. చదివేది ఒక్కరే అయినా ఆ ఏడు ఇల్లంతా దీక్షలో ఉంటుంది. హైమావతమ్మ దీక్ష మరీ కఠినం. టీవీ మీద దుప్పటి కప్పేసింది. సొంత తమ్ముడి గృహప్రవేశానికి పసుపుకుంకుమలూ చీరా పంపించి తను కదల్లేదు. కూతురు చైత్ర పుస్తకం తీస్తే చాలు, పక్కన రాగిజావ గ్లాసుతో అమ్మ ప్రత్యక్షం. పిల్ల పేజీ తిప్పితే "అయిపోయిందా?" తిప్పకపోతే "ఇంకా అవలేదా?" పదో తరగతితో చదువు ఆపేసిన ఇల్లాలు, ప్రశ్నలు అడిగీ అడిగీ విద్యుత్ క్షేత్రమంటే ఏమిటో గడగడా ఒప్పజెప్పే స్థితికి వచ్చేసింది. భర్త రాఘవులు ఆర్టీసీ డ్రైవరు. పాపం సరసానికే అన్నాడు, "హాల్ టికెట్టు మీద నీ ఫొటో అంటిస్తే పోలా? పిల్లకి కాస్త నిద్రన్నా దక్కేది" అని. ఆమె నవ్వలేదు.

నవ్వే రోజులు కావు మరి. ప్రీఫైనల్ ఫిజిక్స్ నాడు ఆమె కాలేజీ గేటు దాకా వెంట నడిచింది, దారి పొడుగునా ప్రశ్నలు అడుగుతూనే. పిల్ల లోపల కూర్చుని కాగితం మీద పేరు రాసింది, నంబరు రాసింది. ఆ పైన ఒక్క ముక్క రాయలేక గంటన్నరకి లేచి వచ్చేసింది. ఇప్పుడు అసలు పరీక్షలు. ఇప్పటిదాకా అయిన పేపర్లన్నిటికీ అమ్మ వెంట వెళ్ళింది. ఎలాగో గట్టెక్కాయి. తెల్లారితే ఫిజిక్స్ అనగా, ఆ మధ్యాహ్నం చైత్ర కంచం ముందు నుంచి లేచి, అరవకుండా, ఏడవకుండా ఒకే మాట అంది: "రేపు నువ్వు నా వెంట వస్తే నేను లోపలికి వెళ్ళనమ్మా."

అరిచి ఉంటే బాగుండేదనిపించింది హైమావతమ్మకి. ఆ మాట మోసుకుని తిన్నగా కాలవగట్టుకి వచ్చింది. "వెళ్తే రాయనంటోంది. వెళ్ళకపోతే, అక్కడ మళ్ళీ అన్నీ మరిచిపోతే? ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరే కదా అయ్యగారూ!"

అయ్యగారు అంతా విన్నారు. మోకాలు నిమురుకున్నారు. "రేపు అభిషేకానికి కాలవ నీళ్ళు నువ్వు తేవాలి తల్లీ. ఈ మోకాలు మొరాయిస్తోంది" అన్నారు.

"మరి నా ప్రశ్న..."

"ముందు నీళ్ళు రానీ. నిండు బిందె సుమా. అభిషేకం నీళ్ళు దారిలో దింపకూడదు, వెనక్కి తిప్పకూడదు."

ఆ నీళ్ళ సంగతి మీకు చెప్పాలి. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి అయ్యగారు వంతెన పక్క రేవులో రాగి బిందె నింపుకుని, గట్టు మీదుగా ఆశ్రమానికి నడిచి వస్తారు. ఊళ్ళోంచి వంతెన దాటి కాలేజీకి పోవలసినవాళ్ళకి ఆయన ఎదురవుతారు. నిండు బిందెతో అంతటి మనిషి ఎదురు రావడం కంటే మంచి శకునం ఏముంటుంది? ఎవరు మొదలుపెట్టారో గానీ, పరీక్షల రోజుల్లో ఊళ్ళో తల్లిదండ్రులంతా పిల్లల్ని వీధి మొదట్లో నిలబెట్టి, రేవులో బిందె మునిగిన చప్పుడు వినగానే బయల్దేరదీస్తారు. "నా మొహాన మార్కులు రాసున్నాయా నాయనా?" అని అయ్యగారు నవ్వుతారు. ఆ నవ్వు కూడా శకునం కిందే జమ వేసుకుంటారు వాళ్ళు.

మర్నాడు హైమావతమ్మ ఇడ్లీలు మూతపెట్టి, పిల్లకి చెప్పకుండా రేవుకి వచ్చింది. కాలవలో మూడు మునకలు వేసింది. మనసులో ఒక ఎత్తు వేసుకునే ఉంది: నీళ్ళు గబగబా ఆశ్రమంలో ఇచ్చేసి, కొబ్బరితోట వెనకాల అడ్డదారిన వంతెనకి చేరితే పిల్లకి కనబడకుండా గేటు దాకా వెనకే వెళ్ళవచ్చు. కంటపడనప్పుడు వెంట వచ్చినట్టేమిటి? తల్లి మనసు వేసే లెక్కలు ఇలాగే ఉంటాయి, భగవంతుడు కూడా దిద్దలేడు.

నిండు బిందె చంకనెత్తుకుని గట్టెక్కేసరికి ఎరువుల కొట్టు గోపాలం స్కూటరు మీద కొడుకుని కూర్చోబెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆమెని చూసి మొహం వేలాడేశాడు.

"అయ్యగారేరీ హైమక్కా? ఆయన కోసం పొద్దున్నే బండి కూడా కడిగాను!"

"ఆయనకి మోకాలు నొప్పి. ఇవాళ్టికి నాతో సరిపెట్టుకో."

"సరిపెట్టుకోమంటే ఫిజిక్స్ ఊరుకుంటుందా?" అంటూనే బండి కదిలించాడు. వెనక కూర్చున్న కుర్రాడు సిగ్గుగా తల వంచాడు. "వెళ్ళి రా నాన్నా, శుభంగా రాస్తావు" అంది హైమావతమ్మ. ఆ వెనక సైకిళ్ళ మీద ముగ్గురు, నడిచి ఇద్దరు ఆడపిల్లలు. అందరికీ ఒక చిరునవ్వు, ఒక మాట. ఎవరు ఏ పాఠం చదివారో ఆమెకి తెలియదు, అడగాలనీ తోచలేదు. ఆమె దాటిపోయాక వాళ్ళు తమ దారిన పోతూనే ఉన్నారు. ఇంత సులువుగా ఏడాదిలో ఏ పిల్లతోనూ మాట్లాడలేదే అని ఆమెకి ఎక్కడో తగిలింది.

అప్పుడు చైత్ర వచ్చింది.

ఒంటరిగా వస్తోంది. ఒక చేతిలో అట్ట, అట్టకి హాల్ టికెట్టు. మొహం పాలిపోయి ఉంది. జడ సరిగ్గా వేసుకోలేదు. ఇడ్లీ తిందో లేదో. హైమావతమ్మ గొంతులోకి ప్రశ్నలన్నీ ఒక్కసారి తన్నుకొచ్చాయి: పెన్నులు రెండు పెట్టుకున్నావా? ఆ చివరి పాఠం చూశావా? ఇద్దరూ దగ్గరయ్యారు. బిందె తొణికింది. అమ్మని అక్కడ, తడిచీరతో, అయ్యగారి బిందెతో చూసి పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి; ఆ వెంటనే, ఇంకేముంది, వెనక్కి తిరిగి నాతో వస్తుందిలే అన్నట్టు చిన్నబోయాయి. తల్లి ఆ చిన్నబోవడం చూసింది.

ఏమడిగినా అడుగు ఆగుతుంది. అడుగు ఆగితే వెనక్కి తిరుగుతుంది. ఆమె ఏమీ అడగలేదు. అంతకుముందు ఆరుగురికి నవ్వినట్టే నవ్వబోయింది. నవ్వు సగమే వచ్చింది. ఆ సగం నవ్వుతోనే కూతుర్ని దాటి ముందుకు నడిచింది.

నాలుగడుగులు వేసిందో లేదో, వెనక పిల్ల చెప్పుల చప్పుడు ఆగిపోయింది.

ఇదీ పరీక్ష. ఫిజిక్స్ పేపరు దీని ముందు ఏపాటిది? భయపడి ఆగిందా? కళ్ళు తిరిగాయా? ప్రీఫైనల్ నాటి తెల్లకాగితం ఆమె కళ్ళ ముందు ఆడింది. మెడ దానంతటదే తిరగబోయింది. తిరిగితే బిందె తిరుగుతుంది. శివ శివా అనుకుంటూ ఆమె గట్టు మీద అలాగే నిలబడింది, ముందు ఆశ్రమం, వెనక కన్నబిడ్డ, చంకలో నీళ్ళు.

"అమ్మా!"

"ఆఁ."

పిల్ల అట్ట చంకలోకి సర్దుకున్న చప్పుడు.

"వెళ్ళొస్తానమ్మా."

"వెళ్ళి రా తల్లీ" అంది హైమావతమ్మ, కాలవ కేసి చూస్తూ.

చెప్పుల చప్పుడు మళ్ళీ మొదలైంది. వంతెన మీదికెక్కింది. సన్నగిల్లింది. కొబ్బరితోట అడ్డదారి మలుపు ఆమె కళ్ళెదుటే ఉంది. ఆమె దాన్ని దాటి ఆశ్రమం మెట్ల దాకా నడిచి, బిందె అరుగు మీద పెట్టి, పక్కనే కూర్చుండిపోయింది. నీళ్ళు ముప్పాతికే మిగిలాయి. అయ్యగారు బిందెలోకి తొంగి చూసి, "చాలులే, శివుడు కొలతలు చూడడు" అన్నారు.

ఇంతలో గోపాలం స్కూటరు తిరిగొచ్చింది. దిగకుండానే కేక వేశాడు: "హైమక్కా! మీ చైత్ర గేటు దగ్గర వాచీ చూసుకుని, ఇటూ అటూ చూడకుండా లోపలికి పోయింది. మావాడే ఇంకా గేటు పట్టుకుని వేళ్ళాడుతుంటే నేనే తోసొచ్చాను!"

స్కూటరు చప్పుడు దూరమయ్యాక హైమావతమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. నవ్విందో ఏడ్చిందో చూసినవాళ్ళకి తెలియలేదు.

"దారిలో ఏమంది పిల్ల?" అని అడిగారు అయ్యగారు.

"ఏమీ అనలేదు అయ్యగారూ. వెళ్ళొస్తానంది, అంతే."

"ఆ మాట నీకు చెప్పి ఎన్నాళ్ళయింది?"

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టబోయి ఆగింది. దసరా సెలవుల ముందా? ఇంటర్‌లో చేరిన కొత్తలోనా? అయ్యగారు రెండు చేతులా బిందె ఎత్తుకుని, లోపలికి అడుగు వేస్తూ మెల్లగా అన్నారు:

"పాపం, ఎలా చెబుతుందమ్మా? వెంట వచ్చేవాళ్ళకి ఆ మాట ఎవరు చెబుతారు?"