పైడమ్మ నవ్విన గీత

ఒకప్పుడు చెట్టుని అడ్డంగా కోస్తే లోపల ఏమీ కనిపించేది కాదు. పిసికి పెట్టిన పిండిముద్దలా తెల్లగా ఉండేది, అంతే. గీత లేదు, గుర్తు లేదు. గుర్తు లేదు కనుక చెట్లకి జ్ఞాపకమూ లేదు. ఆకు రాలిందంటే ఆ ఏడాది సంగతులన్నీ ఆకుతోపాటే పోయేవి. నిరుడు తమ కొమ్మ మీదే గూడు కట్టిన పిట్టని పట్టుకుని "ఎవరమ్మా నువ్వు?" అనేవి. కాస్త మొహమాటమైనా ఉండేది కాదు వాటికి.

ఆ రోజుల్లో ఏటిగట్టున గవరయ్య, పైడమ్మ అని ఆలుమగలు ఉండేవారు. తరిమెన పట్టడం వాళ్ళ పని. తరిమెనంటే ఏమీ లేదర్రా, కొయ్యముక్కని బిగించే చట్రం. దానికి తాడు చుట్టి ఒకరు అటూ ఇటూ లాగుతుంటే కొయ్య గిర్రున తిరుగుతుంది. ఇంకొకరు ఉలి ఆనిస్తే పొట్టు రాలుతూ గిన్నె అవుతుంది, పళ్ళెం అవుతుంది. ఆపైన రంగులక్క అద్ది మొగలాకుతో రుద్దితే అందులో మొహం చూసుకోవచ్చు. తాడు పైడమ్మది, ఉలి గవరయ్యది.

ఆ పనివాళ్ళకి ఒక ఆచారం ఉండేది. పెళ్ళయిన ఏడు ఒక పళ్ళెం చేసుకుని, నట్టనడుమ చిన్న సున్న పెట్టేవారు. ఇక ఏటా తొలకరికి ముందు ఆ పళ్ళేన్ని మళ్ళీ తరిమెనకి ఎక్కించి, సున్న చుట్టూ ఒక గీత గీసేవారు. దాన్ని ఇంటి పళ్ళెం అనేవారు. అందులో అన్నం తినరు, దాన్ని ఎవరికీ ఇవ్వరు.

గవరయ్య ఉలి పట్టాడంటే వెంట్రుకవాసి తేడా రాదు. కానీ ఇంటి పళ్ళెం ఎక్కించిన రోజునే పైడమ్మకి నవ్వొచ్చేది. ఊపిరి బిగబట్టి, నాలుక కొస బయటపెట్టి ఆయన గీత గీస్తుంటే ఆ మొహం చూసి ఆవిడకి నవ్వు ఆగేది కాదు. నవ్వితే తాడు కుదిపేది. కుదిపితే గీత ఒక పక్కకి ఒరిగేది.

"పాడు చేసీసావు కదే" అనేవాడు గవరయ్య.

"పోనీ మావా, ఈ ఏడు కూడా నవ్వుకున్నామని గురుతుంటాది" అనేది పైడమ్మ.

ముప్పై రెండేళ్ళు ఆయన సణిగాడు. ముప్పై రెండు గీతలూ ఒరిగే ఉన్నాయి.

కొయ్య కోసం ఇద్దరూ గట్టు మీది అంకుడు చెట్టు దగ్గరికి వెళ్ళేవారు. ఏటా అదే తంతు. "ఎవరు మీరు?" అనేది చెట్టు. "ఇదుగో మావా, మళ్ళీ మొదలు" అని పైడమ్మ పేరూ ఊరూ పనీ అన్నీ నవ్వుతూ చెప్పేది. విని చెట్టు ఒక కొమ్మ ఇచ్చేది.

ఆ తర్వాతి చలికాలంలో పైడమ్మ జ్వరం వచ్చి పోయింది. పిల్లాజెల్లా లేరు. గవరయ్య ఒంటివాడైపోయాడు.

తొలకరి దగ్గరపడింది. గీత గీయాలి, తాడు లాగేవాళ్ళేరీ? గాలి వచ్చి "నేను లాగుతాను తాతా" అంది. ఒక్క కుదుపు లేకుండా లాగింది. గీత చక్కగా, గుండ్రంగా వచ్చింది. అది చూసి గవరయ్య ఉలి కిందపెట్టి ఏడ్చాడు.

"ఏం తాతా, వంకరొచ్చిందా?"

"రాలేదమ్మా. అందుకే."

ఆ రోజునుంచీ ఆయనకి ఒకటే దిగులు. తానున్నన్నాళ్ళు సరే, తాను కూడా పోతే పైడమ్మ నవ్వు ఇంకెవరికి గుర్తుంటుంది? పళ్ళెం చంకన పెట్టుకుని అంకుడు చెట్టు దగ్గరికి వెళ్ళాడు.

"ఎవరు నువ్వు?" అంది చెట్టు.

ఎప్పుడూ పైడమ్మే చెప్పేది. ఆయన పళ్ళెం మరో చంకకి మార్చుకున్నాడు. చివరికి "పైడమ్మ మొగుణ్ణి" అన్నాడు.

"పైడమ్మ ఎవరు?"

గవరయ్య కూలబడ్డాడు. "ముప్పై రెండేళ్ళు నీ నీడన నవ్విన మనిషి. నీకే గురుతు లేకపోతే నానెవరికి సెప్పుకోను?"

చెట్టుకి మొదటిసారి సిగ్గేసింది. "గుర్తు పెట్టుకోవడం నాకు తెలీదు నాయనా. మీరెలా పెట్టుకుంటారు?"

గవరయ్య పళ్ళెం చూపించాడు. ఒక్కో గీతా వేలితో తడుముతూ చెప్పాడు. ఇది వరదొచ్చిన ఏడు. ఇది ఏరు ఎండిపోయిన ఏడు, గంజి తాగి కూడా నవ్వింది.

"బాగుంది. కానీ నాకు తాడెవరు లాగుతారు, ఉలెవరు పడతారు?" అంది చెట్టు.

"తాడు నేను లాగుతాను" అంది వాన. "ఉలి నేను పడతాను" అంది ఎండ.

"అయితే నమూనా ఒకటి ఇవ్వు, చూసి గీసుకుంటాను."

నమూనా అంటే ఉన్నది ఆ ఒక్కటే. గవరయ్య పళ్ళేన్ని ఒకసారి గుండెకి ఆనించుకున్నాడు. తర్వాత చెట్టు మొదట్లో చేత్తోనే గొయ్యి తీసి దాన్ని పాతిపెట్టాడు. వేళ్ళు మెల్లగా వచ్చి గీతలన్నీ తడిమి చూసుకున్నాయి.

ఆ ఏడు వాన కురిసింది, చెట్టు లావెక్కింది. ఎండ కాసింది, పెరగడం ఆగింది. ఆగినచోట గీత పడింది.

మరుసటేడు గవరయ్య కర్ర పొడుచుకుంటూ వెళ్ళాడు. పేరు చెప్పబోయేలోగా "రా గవరయ్యా" అంది చెట్టు. "పైడమ్మ లేదు కదా. నాకు గుర్తుంది."

కొమ్మ ఇచ్చింది. కోసి చూస్తే లోపల ఒక గీత. ఒక పక్కకి ఒరిగి ఉంది.

"తప్పు గీశానా?" అంది చెట్టు కంగారుగా. "నీ పళ్ళెంలో అన్నీ అలాగే ఉన్నాయి. చివరి గీత ఒక్కటే గుండ్రంగా ఉంటే, అది వేరేవాళ్ళ పని అనుకుని వదిలేశాను."

"తప్పు కాదు, అలాగే ఉండనీ" అన్నాడు గవరయ్య. అంటూనే నవ్వాడు. పైడమ్మ పోయాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.

అంకుడు చెట్టు ఆ విద్య పక్క చెట్టుకి చెప్పింది. అది అడవికంతా చెప్పింది.

అప్పటినుంచే ఏ చెట్టుని కోసినా లోపల ఏడాదికో గీత ఉంటుంది. వానలు పడ్డ ఏడు గీతల మధ్య ఎడం ఎక్కువ, కరువు ఏడు ఎడం తక్కువ. కానీ ఒక్కటీ సరిగ్గా గుండ్రంగా ఉండదు, ఏదో పక్కకి కాస్త ఒరుగుతుంది. అది చూసి తరిమెన పట్టేవాళ్ళు ఎవరూ సణగరు. పైడమ్మ నవ్వింది కాబోలు అనుకుని ఉలి అందుకుంటారు.