ఒడ్డు మాట ఎత్తినవాడు

గౌరీసు మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పిన పాపాన పోరు. కర్రసాము నేర్పేటప్పుడు ఆయన చెయ్యి ఎంత చురుకో, ప్రశ్న ఎదురైతే నోరు అంత బద్ధకం. మన్యంలోని పాత అటవీ బంగళా వరండాలో ఎర డబ్బాలు సర్దుకుంటున్న ఆ పొద్దున, శిష్యుడు పోలిరాజు అడిగిన ప్రశ్నకూ అదే గతి పట్టింది.

"మాస్టారూ, లోపల ఎంత భయమున్నా పైకి కనబడనివ్వకపోతే చాలదా? చూసేవాళ్ళకి అదే ధైర్యం కదా."

మాస్టారు డబ్బా మూత తీసి చూసి, "ఈ వానపాములు సరిపోతాయంటావా?" అన్నారు.

పోలిరాజుకు ఆ సందేహం ఊరికే రాలేదు. పండగ పోటీల్లో మొదటిసారి బరిలోకి దిగబోతున్నాడు. అవతలివాడి కర్ర తలుచుకుంటేనే భయమేస్తోంది. ఈ సంగతి చెప్పడం కంటే నాలుక కోసుకోవడం మేలని అతని లెక్క.

తొలకరి పడగానే మాస్టారు తన ముగ్గురు శిష్యుల్ని, పోలిరాజునీ కొండబాబునీ సింహాచలాన్నీ, వెంటేసుకుని ఆ బంగళాకు రావడం ఆనవాయితీ. రోడ్డు ఎక్కడో కొండకవతలే ఆగిపోతుంది. ఫోను పలకదు. కొత్తనీరు తగలగానే కిందెక్కడో మడుగుల్లో ఉన్న చేపలన్నీ ఏటికి ఎదురెక్కుతాయి. ఏటి మధ్యనున్న నల్లబండ మీద కూర్చుని గాలం వేస్తే, ఆ పరుగుకి అడ్డంగా కూర్చున్నట్టే. అక్కడ వీళ్ళు పెట్టుకున్న చట్టం ఒకటుంది. 'ఒడ్డుకి పోదాం' అని ముందుగా ఎవడంటాడో, వాడే ఆ పూట చేపలన్నిటికీ పొలుసు గీకి, పేగులు తీసి, గిన్నెలు తోమాలి. అంతటితో పోతే బాగుండును. మళ్ళీ తొలకరి దాకా వాడి పేరు 'ఒడ్డుబాబు'. కిందటేడు ఆ బిరుదు పొందిన కొండబాబును వాళ్ళావిడ కూడా అలాగే పిలిచిందని చెప్పుకుంటారు. కొండబాబు మాత్రం ఒప్పుకోడు.

మధ్యాహ్నం దాకా ఎండే. మోకాలిలోతు నీళ్ళలో రాళ్ళ మీద అడుగులేసుకుంటూ నలుగురూ బండెక్కారు. కాసేపటికి పై కొండల మీద మబ్బు దిగింది. ఇక్కడ చినుకు లేదు గాని, నీటి రంగు టీ రంగుకి తిరిగింది.

"అదుగో, కొత్తనీరు," అన్నాడు సింహాచలం సంబరంగా. చేపలు కూడా వచ్చాయి. గాలం వేయడం ఆలస్యం, లాగడమే పని. బుట్ట నిండుతుంటే నవ్వులూ పెరిగాయి.

పోలిరాజే ముందు చూశాడు. ఒడ్డు నుంచి వచ్చేటప్పుడు తొక్కుకుంటూ వచ్చిన రాళ్ళు కనబడటం లేదు. కనబడకపోతే మునిగాయని అర్థం. అతను నోరు తెరిచి, ఆవులించినట్టు మూసేశాడు.

బండకి కింది అంచున విప్పిపెట్టిన సింహాచలం చెప్పులు మెల్లగా లేచాయి. జంట విడిపోకుండా, పెళ్ళికి వెళ్తున్నట్టు వరసగా, ఏటి వెంట వెళ్ళిపోయాయి. అందరూ చూశారు. సింహాచలం గొంతు సవరించుకుని, "పాతవేలే," అన్నాడు.

"ఎలాగూ కొత్తవి కొనాల్సిందే," అన్నాడు కొండబాబు, కళ్ళు నీటి మీంచి తిప్పకుండా.

"ఏరా, ఒడ్డు మీదికి గాలి మళ్ళిందా?" అన్నాడు సింహాచలం.

"నాకా? నువ్వే పాదాలు పైకి లాక్కుంటున్నావు."

నవ్వారు. ఆ నవ్వు త్వరగా అయిపోయింది.

అప్పటిదాకా గలగలమన్న ఏరు ఇప్పుడు గొంతు మార్చింది. అడుగున రాళ్ళు దొర్లుతూ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్న చప్పుడు బండలోంచి పోలిరాజు వెన్నులోకి ఎక్కుతోంది. బండ పగుల్లోంచి చీమలు గుడ్లు నోట కరుచుకుని పైకి బారు కట్టాయి. వాటికి ఏ చట్టమూ లేదు. పోలిరాజు సింహాచలం ముఖం చూశాడు, ఈలపాట. కొండబాబు ముఖం చూశాడు, తాపీగా ఎర గుచ్చుతున్నాడు. వీళ్ళకి లేని భయం నాకొక్కడికేనా అనుకున్నాడు. తనకూ ఈల వచ్చునని చూపించబోతే పెదాలు తడారిపోయి గాలి తప్ప ఏమీ రాలేదు. కొండబాబు గుచ్చుతున్న ఎర గాలానికి కాకుండా చొక్కా గుండీకి గుచ్చుకుంటోందని పోలిరాజు గమనించనే లేదు.

నీళ్ళు కాలివేళ్ళకి తగిలాయి. కాస్త పైకి జరిగారంతే. మడమలకి తగిలాయి. మళ్ళీ జరిగారు. ఇక జరగడానికి చోటు లేదు.

అప్పుడు గౌరీసు మాస్టారు గాలం పక్కన పడేసి లేచి నిలబడ్డారు. కర్ర తిప్పితే చుట్టుపక్కల ఊళ్ళు వెనక్కి తగ్గే మనిషి.

"ఒరే, నాకు భయంగా ఉందిరా," అన్నారు. "నన్ను ఒడ్డుకి తీసుకుపోండి."

పోలిరాజు సిగ్గుతో తల దించుకుందామనుకున్నాడు గాని, దానికి వ్యవధి లేకపోయింది. మాస్టారి మాట పూర్తయ్యే లోపే కొండబాబు నడుములోతు నీళ్ళలోకి దిగేసి ఉన్నాడు. సింహాచలం అతని చెయ్యి పట్టుకున్నాడు, సింహాచలం చెయ్యి మాస్టారు, మాస్టారి చెయ్యి పోలిరాజు. చేపల బుట్టను ఎవరూ తలవలేదు. రొమ్ము దాకా వచ్చిన నీళ్ళు మనిషిని మనిషి నుంచి పీకేయాలని చూశాయి. ఒకచోట పోలిరాజు కాలి కింది రాయి జారింది. శరీరమంతా ఏటి వాలుకి సాగిపోయి, ఒక్క చెయ్యి మాత్రం ఈ లోకంలో మిగిలినట్టయింది. ఆ చేతిని ఎవరో గట్టిగా పట్టుకునే ఉన్నారు. మళ్ళీ అడుగు దొరికింది.

ఒడ్డెక్కి వెనక్కి తిరిగేసరికి బుట్ట బండ మీద ఒకసారి గిర్రున తిరిగి కొట్టుకుపోయింది. దాని వెనకే వేళ్ళతో సహా ఒక చెట్టు కాండం వచ్చి, బండ ఉండాల్సిన చోటు మీదుగా ఎక్కడా తగలకుండా వెళ్ళిపోయింది.

కొండబాబు చొక్కా గుండీకున్న ఎరని పీకి పారేస్తూ అన్నాడు. "ఈ ఏడు ఒడ్డుబాబు మీరే మాస్టారూ."

"అలాగే నాయనా," అన్నారు మాస్టారు.

బంగళాకి చేరి, పొయ్యి దగ్గర బట్టలు ఆరబెట్టుకుంటున్నప్పుడు పోలిరాజు మాస్టారి పక్కకి జరిగాడు. మిగతా ఇద్దరూ వినకుండా చిన్నగా అడిగాడు.

"మీకు నిజంగానే భయమేసిందా మాస్టారూ? లేకపోతే మా కోసం అలా అన్నారా?"

మాస్టారు తడి పంచె అంచు పిండుతూ ఈసారి మాత్రం వెంటనే జవాబు చెప్పారు.

"ఏట్లో నీ చెయ్యీ నా చెయ్యీ కలిసే ఉన్నాయి గదరా. రెండిట్లో ఒకటి ఒడ్డు దాకా వణుకుతూనే ఉంది. అది ఎవరిదో నాకింకా తేలలేదు. నువ్వేమన్నా గమనించావా?"