పదహారో పేరు

నాలుగు రోజుల ఎంపిక పోటీలు ముగిసేసరికి కోచ్ ఆశన్న ముఖం ఎండకు మాడిపోయింది. జిల్లా జూనియర్ అమ్మాయిల బేస్‌బాల్ జట్టుకు పదిహేను పేర్లు రాశాడు. చివరిదైన పదహారో పేరు దగ్గర కలం ఆగింది.

జమున ఆరేళ్లుగా ఆడుతోంది, ఎన్నో మ్యాచ్‌లు గెలిపించింది. ఈ ఏడు దాటితే జూనియర్ జట్టులో ఆడే వయసు అయిపోతుంది. కానీ ఈ నాలుగు రోజుల్లో పద్నాలుగు సార్లు బ్యాటు పట్టి, ఒక్కసారే బంతిని కొట్టగలిగింది. నెల కిందట వచ్చిన రవళి మాత్రం వేసిన బంతినల్లా బాదింది.

చివరికి జమునే వచ్చి చెప్పింది.

"నా పేరు తీసెయ్ అన్నా. నాకే సిగ్గయితుంది."

అలసిపోయిన మనిషికి తేలిక దారి దొరికితే అంతకంటే ఏం కావాలి? ఆశన్న కాగితం పట్టుకుని గంగారాం సారు దగ్గరికి నడిచాడు. ఆశన్నకు బ్యాటు పట్టడం నేర్పింది ఆయనే. సారు మైదానం గట్టు మీద బూట్లు విప్పి, వాచిన కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

"సార్, జమునను తీసేసి రవళిని రాస్తున్న. నాలుగు రోజులు చూసిన. ఆమె చేతుల ఇంక ఆట లేదు."

సారు కాగితం వైపు చూడనైనా లేదు. ఖాళీ సీసా అందించాడు.

"నోరెండుతుంది. నీళ్లు తేపో."

మైదానం మూలన పాత బోరింగు ఉంది. ఆశన్న కొట్టాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. పది సార్లు కొట్టాడు, ఇరవై సార్లు కొట్టాడు. భుజాలు లాగేస్తున్నా ఆపలేదు. ఆఖరికి బోరింగు గరగరమంది, నీళ్లు దూకాయి.

సీసా అందుకుంటూ సారు అడిగాడు.

"ఇరవై సార్లు కొట్టినా రాలేదు గదా. ఎండిపోయిందని మర్లి ఎందుకు రాలే?"

"ఎండుడేంది సార్? పన్నెండేండ్ల సంది ఈ నీళ్లే తాగుతున్న. ఒక్కోపారి..."

ఆశన్న మాట మధ్యలోనే ఆగిపోయింది. సారు నీళ్లు తాగి మూతి తుడుచుకున్నాడు.

ఆశన్న కాగితం మోకాలి మీద పెట్టుకుని జమున పేరు రాశాడు. తలెత్తితే, బ్యాగు సర్దుకుంటూ ఇటే చూస్తున్న రవళి కనబడింది. ప్రాణం ఉసూరుమంది.

"మరి రవళికి ఏం చెప్పాలె సార్? పిల్ల గంత బాగ కొట్టింది."

సారు వాచిన కాళ్లను బూట్లలోకి దూర్చుకుంటున్నాడు.

"రేపు పొద్దుగాల ప్రాక్టీసుకు రమ్మను" అన్నాడు. "ఎల్లుండి కూడా."