తడి తెర వెనక గవర్రాజు

నాటకాల పరబ్రహ్మంగారిని ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఉత్తరీయం దులిపి భుజాన వేసుకుని "పద" అనేవారు. అడిగినవాడు వెనకాల నడవాల్సిందే. ఆ నడకలో కాళ్లు లాగి, అసలు ప్రశ్నే మరిచిపోయిన శిష్యులు కూడా ఉన్నారు.

సూరపరాజు మరిచిపోయే రకం కాదు. రేపల్లెలో ఆయన దగ్గర పద్యాలు నేర్చుకునేవాళ్లలో గొంతంటే అతనిదే. కానీ పుట్టుకతో ఎడమచేతివాటం. ఆ మధ్య నాటకంలో రాజ్యమంతా ధారపోసే మహారాజు వేషం కట్టాడు. పద్యం అందుకున్నాడు, ఒళ్లు మరిచాడు, ఎడమచేత్తో ధార పోశాడు. జనం గొల్లుమన్నారు. "మహారాజా, భోజనం కూడా ఆ చేత్తోనేనా!" అని ఎవడో కేకేశాడు. తరవాతి నాటకంలో కుడిచెయ్యి, కుడిచెయ్యి అనుకుంటూ జాగ్రత్తపడ్డాడు. చెయ్యి మాట విన్నది గానీ, పద్యం సగంలో చల్లారిపోయింది. ఎల్లుండి మళ్లీ అదే నాటకం, అదే వేషం. ఆ పొద్దున బండికే ఊరెళ్లిపోయి మేనమామ బట్టలకొట్టులో కూర్చుందామని లోలోపల ఒక నిశ్చయానికి వచ్చి, వెళ్లేముందు అడిగాడు.

"చెయ్యి జ్ఞాపకం పెట్టుకుంటే పద్యం జారిపోతోందండి గురువుగారూ. పద్యంలో మునిగితే చెయ్యి తప్పుతోంది. రెంటిలో ఏది వదలమంటారు? లేదూ, వేషమే వదిలి ఇంటికి పొమ్మంటారా?"

"పద" అన్నారు గురువుగారు.

స్టేషను వెనక, కోత కోసిన చేలో టూరింగు సినిమా డేరా వేసి ఉంది. పెద్ద సినిమాకు ముందు ఎప్పటిదో రెండు రీళ్ల హాస్యచిత్రం ఒకటి వేస్తున్నారు. గీతలు పడి, వానలో తడుస్తున్నట్టుండే బొమ్మ. అందులో గవర్రాజు అనేవాడు యాక్టరు కావాలని మద్రాసు వెళ్తాడు. ఎంత తిరిగినా ఎవరూ రానివ్వరు. ఆఖరికి పెళ్లికొడుకునీ పెళ్లికూతురినీ దీవించే ఋషి వేషం దొరుకుతుంది. గడ్డం సర్దుకుని, కళ్లు అరమోడ్చి, ఎంతో భక్తిగా ఎడమచెయ్యి ఎత్తుతాడు. టోపీ పెట్టుకున్న డైరెక్టరు "కుడిచెయ్యిరా!" అని గంతులేస్తాడు. గవర్రాజు బుద్ధిగా తలూపి, ఇంకా భక్తిగా ఎడమచెయ్యే ఎత్తుతాడు. డేరా ఊగిపోయేలా నవ్వారు జనం. సూరపరాజుకు మాత్రం ఆ నవ్వంతా తన వీపు మీదే పడుతున్నట్టుంది. చివర్లో ఒకచోట నవ్వులు ఆగాయి గానీ, అతని చెవుల్లో ఆగలేదు. ఇంటికి వెళ్లేదాకా తల ఎత్తలేదు.

మర్నాటి సాయంత్రం గురువుగారు మళ్లీ "పద" అన్నారు.

"మళ్లీ అదేనా అండీ? నన్ను కాల్చుకు తినడానికా?"

ఆయన విననట్టే నడిచారు. ఈసారి ముందువైపు కాదు, డేరా చుట్టూ తిప్పి తెర వెనక్కి తీసుకెళ్లారు. ముందు చోటు కొనలేనివాళ్లు అక్కడ నేలమీద కూర్చునేవారు. ఆటకు ముందు తెరమీద నీళ్లు చల్లేవారు. గుడ్డ తడిస్తే బొమ్మ ఇవతలికి దిగుతుంది. తడిగుడ్డ వాసన, కోసిన వరి వాసన కలిసి వస్తున్నాయి. తెర అంచునుంచి నీళ్లు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. చీకటి పడుతుండగా ఆ గుడ్డ తనంతట తానే వెలిగినట్టు వెలిగింది. అక్షరాలు కుడినుంచి ఎడమకు నడిచాయి. పెళ్లికూతురి పైట కుడి భుజం మీదికి వచ్చింది. సూరపరాజుకు తాను మేలుకుని ఉన్నాడో లేదో తెలియలేదు.

ఋషి చెయ్యి ఎత్తాడు. కుడిచెయ్యి. నిండుగా, చక్కగా, అచ్చం గురువుగారు నేర్పినట్టు ఎత్తాడు. డైరెక్టరు పరుగున వచ్చి, తన ఎడమచెయ్యి ఆడించి చూపిస్తూ "ఇదిరా కుడిచెయ్యి!" అని అరిచాడు. వెనకనున్నవాళ్లంతా పగలబడి నవ్వారు, డైరెక్టరును చూసి. సూరపరాజు పక్కన కూర్చున్న ముసలామెకు నవ్వు రాలేదు, కోపం వచ్చింది.

"కుడిచెయ్యే గదంటయ్యా ఎత్తింది! ఆ టోపీ ఆయనకి కళ్లు పోయినయ్యా ఏంది? పాపం, పిల్లోణ్ణి ఊరకనే చంపుకు తింటన్నాడు."

సూరపరాజుకు ఒక్కసారి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. లోకంలో ఒక్క మనిషైనా తన పక్షం మాట్లాడినట్టయింది.

బొమ్మ సాగింది. గవర్రాజును స్టూడియోలోంచి గెంటేశారు. గేటు బయట అరుగుమీద కూర్చుని పులిహోర పొట్లం విప్పుకున్నాడు. లోపల తీస్తున్న ఆ సినిమాలోనే మహారాజు వేషం కట్టినవాడొకడు, కిరీటం నెత్తిన ఉండగానే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పొద్దుటినుంచి వాడికీ ఏమీ దొరకలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. అడగడానికి వేషం అడ్డొచ్చి, ఊరికే పొట్లం వైపు చూస్తున్నాడు. గవర్రాజు ఒక్క మెతుకైనా నోట పెట్టుకోకుండా పొట్లం అతనికిచ్చేశాడు. మహారాజు దోసిలి పట్టి అందుకున్నాడు. తెరకు ఇటూ అటూ కూడా ఎవరూ నవ్వలేదు. ముసలామె ముక్కు చీదుకుంది.

బయటికి వచ్చాక సూరపరాజు కాళ్లు నేలమీద ఆనలేదు.

"తెలిసిందండి గురువుగారూ! తప్పు గవర్రాజుది కాదు. చూసేవాళ్లు కూర్చున్న వైపుది!"

గురువుగారు ఉత్తరీయం దులిపి భుజాన వేసుకున్నారు. "రేపు నీ మహారాజును చూడ్డానికి వచ్చేవాళ్లంతా ముందువైపే కూర్చుంటార్రా" అన్నారు.

సూరపరాజు ముఖం వాడిపోయింది. అంతసేపటి సంతోషమూ చేతిలోనే కరిగిపోయింది.

"అది సరే గానీ" అన్నారు గురువుగారు, "గవర్రాజు ఆ పొట్లం ఏ చేత్తో ఇచ్చాడు?"

సూరపరాజు రెండు సాయంత్రాలూ చేతులు తప్ప మరొకటి చూడలేదు. ఆగి, కళ్లు మూసుకుని వెతికాడు. అరుగు కనపడింది. పట్టిన దోసిలి కనపడింది. కిరీటం కింద ఆకలిగా ఉన్న ఆ కళ్లు కనపడ్డాయి. ఎంత వెతికినా చెయ్యి మాత్రం కనపడలేదు.

"గుర్తు లేదండి" అన్నాడు సిగ్గుపడుతూ. "మీరు చూశారా?"

"చూద్దామనే రెండుసార్లూ వెళ్లానురా" అన్నారు గురువుగారు. "నాకూ కనపడలేదు."